ఒడిలో వేసిన ఓటు

పోయిన వారం భాగం చివర మీరు నన్ను మా ఊరి బడి వాకిట్లో వదిలి వెళ్లారు. నా ఎడమ చూపుడు వేలి మీద సిరా అప్పుడే ఆరింది. పోలింగు ముగిసి, లోపల ఓట్ల లెక్క మొదలైంది. అంతలో గేటు దగ్గర నుంచి ఎవరో మా మేనత్త మునిలక్ష్మిని కేకేసి, "అక్కా, నీ ఆవు తాడు తెంపుకొని గుట్ట తట్టు పోతా ఉండాది" అన్నారు. సర్పంచు పదవికి పోటీ చేస్తున్న మనిషి, ఆ గదిలోనే కూర్చుని ప్రతి కాగితాన్నీ చూడాల్సిన మనిషి, చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తింది. కేక వేసిందెవరో నేను చూడలేదు. తర్వాత అడిగితే ఎవరూ చూడలేదన్నారు.

మా ఊరు పూతలపట్టు రోడ్డు నుంచి బాగా లోపలికి ఉంటుంది. ఊరి వెనక గుట్ట. మా మేకలు మేసేది దాని మీదే, మా బావుల్లోకి నీళ్లు దిగేది దాని మీద నుంచే. ఆ గుట్టను పగలగొట్టి కంకర మిషను పెట్టాలని దేవరాజులు ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు. ఈసారి ఆయనే సర్పంచుకు నిలబడ్డాడు, ఉంగరం గుర్తు మీద. ఆయనకు ఎదురు జయచంద్ర, కత్తెర గుర్తు. జయచంద్ర మంచివాడని ఊర్లో ఎవరూ అనరు. అయినా దేవరాజుల్ని ఓడించే బలం ఆయనొక్కడికే ఉంది కాబట్టి అందరూ ఆయనకే వేయాలని మా నాయన మునిరామయ్య ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. "నచ్చినోడిని ఎంచుకొనేదానికి ఇదేమన్నా పెండ్లి సంబంధమా అబ్బా? వరద వచ్చిండాది. యా కొమ్మ అందితే దాన్ని పట్టుకోవాల" అనేవాడు.

మునిలక్ష్మత్త మా నాయనకు సొంత చెల్లెలు. పలమనేరులో మొగుడు పోయాక పుట్టిన ఊరికే వచ్చి, ఆవుల్ని పెట్టుకుని బతుకుతోంది. ఆమె నేరుగా జయచంద్ర ఇంటికి పోయి, "గుట్ట మీద చెయ్యి పడనియ్యనని పదిమంది ముందర చెప్పు. నీ కోసం నేనే ఇల్లిల్లూ తిరుగుతా" అంది. ఆయన "చూద్దాంలే మా" అన్నాడు. ఆ 'చూద్దాం' విన్న మరునాడు ఆమె నామినేషను వేసింది. ఆమెకు బుట్ట గుర్తు వచ్చింది. మా నాయన ఆమెతో మాట్లాడటం మానేశాడు.

తర్వాత జయచంద్ర ఆటోలు పెట్టించి ఇంటికొక పెద్దమనిషిని కాణిపాకం తీసుకుపోయాడు. అందరూ కోనేట్లో మునిగి, తడిగుడ్డలతో స్వామి ముందు నిలబడి, తమ ఇంటి ఓట్లన్నీ కత్తెరకేనని ప్రమాణం చేశారు. మా వైపు కోర్టులో అబద్ధం చెప్పినవాడు కూడా కాణిపాకంలో చెప్పడు. మా నాయన తిరిగొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "నీ పేరు కూడా చెప్పి ప్రమాణం చేసినా పాపా" అన్నాడు. నాకు అది మొదటి ఓటు.

ఆ మరునాడే మా అత్త కొంగు పట్టుకుని ఇంటింటికీ వచ్చింది. ఊరి ఆడబిడ్డ ఒడి ఖాళీగా పోకూడదు. ప్రతి ఇంట్లోనూ దోసెడు బియ్యం, ఒక పసుపుకొమ్ము వేశారు. "బియ్యం ఎంత కావాలన్నా పోస్తాం, ఓటు మాత్రం అడగొద్దు మే" అని కొందరు ముందే చెప్పేశారు. ఆమె నవ్వి, ఒడి ముడి వేసుకుని వెళ్లిపోయింది.

నేను బుట్టకు వేశాను. ఎవరికీ చెప్పలేదు.

* * *

లెక్క జరుగుతున్నది నేను మూడో తరగతి చదివిన గది. దాని కిటికీల్లో ఒకదానికి గొళ్లెం పడదు, నా చిన్నప్పుడూ పడేది కాదు. గాలి వీస్తే రెక్క తెరుచుకుంటుంది. ఆ రోజు కూడా కొంచెం తెరుచుకుంది. లోపల నుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని మూసింది. ఆ వెంటనే, మళ్లీ తెరుచుకోకుండా ఒక బెంచీని ఈడ్చి అడ్డం పెట్టారు. బెంచీ ఈడ్చిన చప్పుడు వాకిట్లో ఉన్న అందరికీ వినబడింది. అందరూ ఒకసారి అటు చూసి తలలు తిప్పుకున్నారు.

తిరుమలమ్మవ్వ నా పక్కన గోడకు ఆనుకుని వక్కాకు నములుతోంది. ఊర్లో అందరికంటే పెద్దది. ఎవరినైనా ఏమైనా అంటుంది.

"ఏం పాపా, ఓటు బాగ మడతపెట్టినావా?"

"పెట్టినానవ్వా."

"నాకు రాలే. 'అవ్వా, అట్ల కాదు, ఇట్ల మడవాల' అంటాడు ఆ పిల్ల ఆఫీసరు. వాళ్లమ్మ పుట్టకముందు నుంచి చీరలు మడతపెడతా ఉండా నేను. నాకు మడతలు నేర్పిస్తాడంట, సూడు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అవ్వ నవ్వలేదు. కాసేపటికి గొంతు తగ్గించి నాకు మాత్రమే వినబడేలా అంది.

"నేను దేనికి ఏసినానో అడగొద్దు."

"నేను అడగలేదవ్వా."

"అడగొద్దనే చెప్తా ఉండా. నా కొడుకు కోనేట్లో మునిగొచ్చినాడు కదా. వాడు పిల్లలు గలవాడు."

ఆ మాటకు అర్థమేమిటో ఆలోచించేలోపే గేటు దగ్గర గొడవ వినబడింది. మా అత్త వచ్చింది. చీర కుచ్చిళ్లకు ముళ్లు పట్టుకుని ఉన్నాయి. ఆమె చేతిలో మూరెడు తాడు ముక్క ఉంది. దాన్ని తలపైకి ఎత్తి అందరికీ చూపించింది.

"ఆవు తెంపుకొంటే తాడు పీచులు పీచులుగా ఉంటుంది. దీన్ని సూడండి, వెన్న కోసినట్టు కోసినారు. నన్ను ఈడ నుంచి లేపేదానికి నోరులేని దాన్ని గుట్ట మీదికి తరిమినారు. మీకు మనసెట్ల వచ్చిందప్పా?"

మామిడి తోపు తట్టు నుంచి పూత వాసన వస్తోంది. ఆ వాసన అంటే నాకు ఇష్టం. ఆ రోజు మాత్రం ముఖం తిప్పుకున్నాను.

"ఇంకొకటి కూడా చెప్తా, వినండి. గుట్ట మీద రాళ్లకి, పగలగొట్టేదానికి కొలిచినట్టు, వరసగా తెల్ల గుర్తులు ఏసిండారు. నిన్న పొద్దు గూకేటప్పుడు ఆవుల్ని తోలుకొచ్చినప్పుడు లేవు. మీరంతా ఓటేసేదానికి ఈడ వరసలో నిలబడి ఉన్నప్పుడు ఎవరో ఆడ రంగు పూస్తా ఉండారు. ఇంకా ఆరలే."

ఆమె తన ఎడమ చెయ్యి చాపింది. వేలి మీద నల్లటి సిరా గుర్తు, దాని మీదికి అంటుకున్న తెల్లటి రంగు.

నేను ఆ వేలినే చూస్తూ ఉండిపోయాను. అందులో ఏదో లెక్క తప్పుతోందని అనిపించింది. ఏమిటో అప్పటికి అందలేదు.

* * *

తలుపు తెరుచుకుంది. ముందు జయచంద్ర, ఆయన వెనక దేవరాజులు బయటికి వచ్చి వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ల తర్వాత ఏజెంట్లు వచ్చారు. కత్తెర తరఫున ఏకాంబరం, అతనితోపాటు మా నాయన. ఏకాంబరం జయచంద్ర దగ్గర లెక్కలు చూసే మనిషి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మా నాయన మెట్లు దిగి, ఎవరి వంకా చూడకుండా వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆయన ఊపిరి నాకు వినబడుతోంది.

ఎన్నికల అధికారి పొద్దుటి నుంచి కూర్చుని అలసిపోయినట్టున్నాడు. కాగితం చేత్తో పట్టుకుని చదివాడు.

"కత్తెర, మూడు వందల పన్నెండు. ఉంగరం, రెండు వందల ఎనభై ఆరు. చెల్లనివి ఏడు." గొంతు సవరించుకున్నాడు. "బుట్ట, సున్నా."

ఎవరో కుర్రవాడు వెనక నుంచి, "బుట్ట బోర్లా పడిందిరా" అని అరిచాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

సున్నా.

గులాబీ రంగు కాగితం మీద బుట్ట బొమ్మ పక్కన, గీత దాటకుండా, ముద్ర గుద్దింది నేను. ముద్ర పక్కకు పోకూడదని ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని మరీ గుద్దాను. సిరా ఆరేదాకా ఊది మడత పెట్టాను. అది చెల్లకుండా పోయే ఓటు కాదు.

మా అత్త మెట్ల దగ్గరికి నడిచింది.

"సార్, నేను నాకు ఏసుకొన్నా. అదన్నా ఉండాల కదా. యాడికి పోయింది?"

"చెల్లని వాటిలో పడి ఉండొచ్చమ్మా. గీత మీద ముద్ర పడితే చెల్లదు."

"మళ్లీ లెక్కపెట్టండి."

"ఫలితం ప్రకటించక ముందు మీరు రాసి ఇస్తే చూస్తాను. కారణం రాయాలి. ఒక్క ఓటు కనపడలేదంటే అది కారణం కాదు. మీ ఏజెంటు ఎవరు?"

"కూర్చుంటామన్నవాళ్లు పొద్దున రాలేదు. నేనే కూర్చున్నా. నన్ను ఆవు పేరు చెప్పి లేపినారు." తాడు ముక్కను మెట్టు మీద పెట్టింది. "ఇదే నా కారణం. రాసుకోండి."

జయచంద్ర కుర్చీలోంచే నవ్వాడు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు.

"మునిలక్ష్మమ్మా, బాధ ఉంటుంది, కాదనను. లోపల తొందరలో నువ్వే కత్తెరకి గుద్దినావేమో. నీకూ తెలిసినట్టుండాది, ఊరికి ఏది మంచిదో."

దేవరాజులు ఆ మాటకు తల ఊపి, జేబులోంచి వేరుశెనక్కాయలు తీసి ఒక్కొక్కటే ఒలుచుకుంటున్నాడు.

అత్త వాళ్లను పట్టించుకోలేదు. వాకిలి వైపు తిరిగింది. చీర కొంగును రెండు చేతులతో పట్టుకుని చాపింది. ఇంటింటికీ వచ్చినప్పుడు ఎలా చాపిందో అలాగే.

"ఆ పొద్దు మీరు బియ్యం ఏసినారు. ఒక్క ఇంట్లో కూడా నన్ను ఒట్టి ఒడితో పంపలేదు. మీ రుణం తీర్చుకోలేను. ఈ పొద్దు బియ్యం వద్దు, ఓటూ వద్దు. బుట్టకి ఏసినవాళ్లు ఎవరన్నా ఉంటే చెయ్యెత్తండి. నేను కాకుండా ఒక్కరు చాలు."

"ఎవరికి వేశారో చెప్పమని నేను అడగకూడదు, అడగను" అన్నాడు అధికారి. కాగితం మడిచి, మళ్లీ విప్పాడు. "వాళ్లంతట వాళ్లు చెప్తే మాత్రం వింటాను."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఊరంతా అక్కడే ఉంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ఆడవాళ్లు కాలి వేళ్లను చూసుకుంటున్నారు. మగవాళ్లు గుట్ట వైపు, ఆకాశం వైపు, ఎటో చూస్తున్నారు. తిరుమలమ్మవ్వ నమలడం ఆపేసింది. వక్కాకు రసం ఆమె పెదవి చివర నుంచి కారుతున్నా తుడుచుకోలేదు.

ఆ నిలబడటం నాకు తెలుసు. నేనూ అట్లాగే నిలబడి ఉన్నాను.

ఈ బడిలో ఐదేళ్లు చదివాను. జవాబు తెలిసినా ఎప్పుడూ చెయ్యెత్తేదాన్ని కాదు. అయ్యవారు "తెలిసినోళ్లు చెయ్యెత్తండి" అంటే నా చెయ్యి పలక కింద దాక్కునేది. ఓటు వేసే ముందు రోజు అత్తను ఒక్క మాట అడిగాను, అదీ ఆవుల కొట్టంలో, ఆమె వీపు నా వైపు ఉన్నప్పుడు. ఓడిపోతావని తెలిసి ఎందుకు నిలబడ్డావని. ఆమె పాలు పిండుతూనే చెప్పింది: "మీ నాయన చెప్పేది అబద్ధం కాదు పాపా. ఈసారి పెద్ద దొంగను ఆపాలంటే చిన్న దొంగకు ఏయాల. వచ్చేసారి ఆ చిన్నోడు పెద్దోడై ఉంటాడు, వాడిని ఆపాలంటే ఇంకొకడు. అట్లే పోతే నేను చచ్చేలోపల నాకు నచ్చిన మనిషికి ఓటేసే పొద్దు రాదు. అందుకని నేనే నిలబడినా."

కొంగు ఇంకా చాపి ఉంది. గాలికి దాని అంచు కదులుతోంది.

నా కుడి చెయ్యి కదిలింది. రొమ్ము దాకా వచ్చింది. అంతలో వెనక నుంచి మా నాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"దించు."

"నాయనా..."

"దించు పాపా. నాకు తెలుసు."

ఆయన పెదవులు నా చెవి దగ్గర ఉన్నాయి.

"నువ్వు బుట్టకి ఏసినావని తెలుసు. మీ అమ్మా ఏసింది." ఆగాడు. "నేనూ ఏసినా."

నేను తల తిప్పబోయాను. తిప్పనివ్వలేదు.

"కాణిపాకంలో చెప్పినావు కదా నాయనా?"

"చెప్పినా. ముద్ర చేతిలోకి తీసుకొన్నాక మీ అత్త కొంగు కండ్ల ముందర ఆడింది. ఊరంతా కత్తెరకే ఏస్తా ఉండాది, నాదొక్కటి పోతే ఏమి, ఆడబిడ్డ ఒడిలో పోనీ అనుకొన్నా. నేనొక్కడినే అనుకొన్నా పాపా." ఆయన ఇంకా దగ్గరికి వంగాడు. "పెట్టె బోర్లించి మడతలు ఇప్పుతా ఉంటే, యాడ చూసినా బుట్టలే. ప్రతి ఒక్కడూ అట్లనే అనుకొనిండాడు."

అప్పుడు నాకు వాకిట్లో ఉన్న ప్రతి ముఖమూ అర్థమైంది. ప్రతి ఒక్కరూ తమ ఓటు ఒక్కటే మాయమైందనుకుంటున్నారు. దాని గురించి అడిగితే ప్రమాణం తప్పామని ఒప్పుకున్నట్టే. నోరు తెరిస్తే స్వామి ఏం చేస్తాడో, పిల్లలకు ఏమవుతుందో అని లోపల్లోపల వణుకుతున్నారు. జయచంద్ర ఆటోలు ఎందుకు పెట్టాడో ఇప్పుడు తెలిసింది. కోనేట్లో ముంచింది ఓట్లు పడటానికి కాదు. పడిన ఓట్లు పోయినా ఎవరూ అడగకుండా ఉండటానికి.

"మరి ఆ బుట్టలు ఏమైనాయి నాయనా?"

"ఏకాంబరం కట్టల్లో కలిపేసినాడు. పైన నాలుగు కత్తెరలు, కింద నాలుగు కత్తెరలు, నడమ బుట్టలు. ఆఫీసరుకి ఫోనొచ్చి బయటికి పోయినప్పుడు చేసినారు. నేను చూస్తా గమ్మున కూర్చున్నా."

"ఎందుకు?"

"ఎందుకంటే? లెక్క ఏసుకో. ఆ కట్టలు ఇప్పితే కత్తెర తగ్గిపోతుంది, ఉంగరం పైకొస్తాది. దేవరాజులు సర్పంచు. రేపే మిషను దిగుతుంది. మీ అత్తకి నీతి మిగులుతుంది, మనకి గుట్ట మిగలదు. నేను మాత్రం నా చెల్లెలి పక్కన లేనా? ఉండా. దాని గుట్ట కోసరమే దాని ఓట్లు పోనిచ్చినా. దించు తల్లీ."

ఆయన మాట నిజంలాగే ఉంది. నా చెయ్యి బరువెక్కింది. నేను చెయ్యెత్తితే గుట్ట పోతుంది. ఎత్తకపోతే అత్త ఈ ఊర్లో ఒక్క మనిషి కూడా లేని దానిలాగా, చాపిన కొంగు ముడుచుకుని ఇంటికి పోతుంది. రెండూ నా చేతిలోనే ఉన్నాయి, ఆ చెయ్యి మా నాయన చేతిలో ఉంది.

వరండాలో దేవరాజులు ఇంకో కాయ ఒలిచాడు. పొట్టు ఊదాడు.

ఓడిపోయిన మనిషి ఆయన. ఇరవై ఆరు ఓట్ల తేడా. బుట్టకు సున్నా అని చదివినప్పుడు ఊరంతా ఉలిక్కిపడింది. అందరికంటే ముందు ఆయన కదా లేచి, ఇందులో మోసముంది, మళ్లీ లెక్కపెట్టండని అరవాల్సింది? ఆయన శెనక్కాయలు తింటున్నాడు.

"నాయనా, ఏకాంబరం ఆ పని చేస్తా ఉంటే ఉంగరం ఏజెంటు యాడున్నాడు?"

"పక్కనే."

"చూసినాడా?"

"చూసినాడు."

"ఏమీ అన్లేదా?"

"లేదు."

"ఉంగరం కట్టలు ఎవరు కట్టినారు?"

"వాడే."

"వాటి నడమ ఏముండాదో చూసినావా నాయనా?"

నా మణికట్టు మీద ఆయన వేళ్లు సడలాయి, మళ్లీ బిగుసుకున్నాయి. ఆయన చూడలేదు. ఎక్కడెక్కడ ఎన్ని బుట్టలు దాచారో లోకంలో ఎవరూ లెక్కపెట్టలేదు. అత్త గెలవదని అందరికీ తెలుసు కాబట్టి ఆమె గెలిచిందేమోనని ఎవరికీ అనుమానం రాలేదు.

"అత్త వేలు చూడు" అన్నాను. "ఎవరు గెలిచేదీ తెలియకముందే గుట్ట మీద గుర్తులు ఏసినారు. ఎవరు గెలిచినా ఒకటే అని తెలిసినోళ్లే కదా ఏస్తారు?"

ఇంత పొడుగు మాటలు నేను మా నాయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన నా భుజం మీదుగా అత్త వేలి వైపు వంగి చూశాడు.

"ఎవరూ లేరా?" అధికారి వాకిలంతా ఒకసారి చూశాడు. ఆయనకూ ఎవరైనా ఉంటే బాగుండునని ఉన్నట్టు అనిపించింది, నా భ్రమేమో. "సరే. అయితే ఫలితం ప్రకటిస్తాను." పెన్ను మూత తీశాడు.

అత్త కొంగు మెల్లగా కిందికి దిగింది.

జయచంద్ర అధికారిని చూడటం లేదు. దేవరాజుల్ని చూశాడు. దేవరాజులు చేతిలోని పొట్టు దులుపుకుని, గేటు వైపు చూసి తల ఊపాడు.

మా బడి గేటు తుప్పు పట్టి సగంలో ఆగిపోతుంది. నేను చదివిన ఐదేళ్లలో దాన్ని పూర్తిగా మూయడం చూడలేదు. ఇప్పుడు ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టి నేల గీసుకుపోయేలా ఈడుస్తున్నారు. ఒకడి చొక్కాకు ఉంగరం గుర్తు బిళ్ల ఉంది. ఇంకొకడి చొక్కాకు కత్తెర గుర్తు. నెల రోజులుగా ఒకరినొకరు తిట్టుకున్నవాళ్లు. గేటు మూశాక ఒకడు గొలుసు అందించాడు, ఇంకొకడు చుట్టాడు. ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడుకు తిరుమలమ్మవ్వ "అయ్యో శివా" అంది.

కుడి చెయ్యి మా నాయన పట్టులో ఉంది. ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది.

దాన్ని ఎత్తాను. సిరా ఉన్న వేలు పైకి వచ్చింది. చెయ్యి భుజం దాటి పైకి పోతుంటే అది నాదేనా అనిపించింది.

"సార్." గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను. "సార్, ఆగండి. బుట్టకి నేను ఏసినా."

అధికారి పెన్ను ఆగింది. వాకిట్లో అన్ని తలలూ నా వైపు తిరిగాయి. అత్త మెట్ల మీద నుంచి నన్ను చూసింది. ఆమె ముఖంలో సంతోషం లేదు, భయం ఉంది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

జయచంద్ర కుర్చీలోంచి లేచాడు. పంచె సర్దుకుని, వరండా అంచు దాకా నడిచి వచ్చి, నవ్వుతూనే నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. నేను ఎవరి కూతురినో ఆయనకు బాగా తెలుసు. మా ఇంట్లో ఎన్నోసార్లు కూర్చుని మజ్జిగ తాగాడు. అయినా వాకిలంతా వినేలా, ఎప్పటిలాగే మెత్తగా అడిగాడు.

"ఎవరి బిడ్డబ్బా ఈ పాప?"

ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి నా వెనకే ఉన్నాడు. నా కుడి మణికట్టును ఆయన ఇంకా వదల్లేదు.